గుడియాత్తం తెలుగు సెక్షన్లో నా శుక్రవారాలు

ఉద్యోగం విరమించినవాళ్ళు రాసే అనుభవాల్లో నెరిసిన జుట్టు, ముప్పై ఏళ్ళ సర్వీసు, వీడ్కోలు సభలో వేసిన దండ ఉంటాయి. నాకు అవేవీ లేవు. నాకింకా ముప్పై నిండలేదు. నేను పనిచేసిన సెక్షనే లేకుండా పోయింది కాబట్టి నా ఉద్యోగమూ దానితోనే ముగిసింది. ఆ తరవాత కొన్నాళ్ళు అదే బడిలో కుట్టుపని నేర్పాను గాని, దాన్ని ఉద్యోగంగా లెక్కపెట్టుకోను. ఇప్పుడు వేలూరులో మా ఇంట్లోనే ఉంటున్నాను.

ట్రైనింగ్ స్కూల్లో చదువుతున్న మా వీధి అమ్మాయిలు అప్పుడప్పుడు వచ్చి, "అక్కా, సోషల్ పాఠం ఎట్లా చెప్పాల?" అని అడుగుతుంటారు. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట పెగలదు. కాఫీ ఇచ్చి పంపేస్తాను. వాళ్ళు వెళ్ళాక చెప్పవలసినవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. రోజూ డైరీ రాసుకునే అలవాటు ఉంది కాబట్టి రాయడమైతే చేతనవును. అందుకే వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. జీతం, సెలవులు, రికార్డులు పెట్టే పద్ధతి ఇందులో ఉండవు. అవి ఎవరిని అడిగినా చెప్తారు.

వినబడని గొంతు

నా గొంతు చిన్నది. గుడియాత్తం ఆడపిల్లల బడిలో చేరిన మొదటి వారంలోనే అది అందరికీ తెలిసిపోయింది. ఆరు, ఏడు తరగతుల తెలుగు పిల్లలు ఒకే గదిలో కూర్చునేవారు. తడిక అవతల అరవ సెక్షన్ పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే నా మాట రెండో బెంచీ దాటేది కాదు. శుక్రవారం చివరి పీరియడ్ సోషల్. వారానికి అదొక్కటే. వారమంతా అలిసిపోయిన పిల్లలకు, ఇంటికి పోయే గంట కోసం చెవులు రిక్కించుకున్న పిల్లలకు, నేను అశోకుడి గురించి గొణిగేదాన్ని.

ఒక శుక్రవారం వెనక బెంచీలోంచి సుగుణ అనే పొడుగుపాటి పిల్ల లేచి నిలబడింది. ఏడో తరగతి.

"టీచర్, మీరు నాకు చెప్పండి. నేను వీళ్ళకు చెప్తా," అంది.

క్లాసంతా నవ్వింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కాని వేరే దారి తోచక చెప్పాను. నేను ఒక ముక్క చెబితే దాన్ని ఆ పిల్ల తన మాటల్లోకి మార్చి గది చివరిదాకా వినిపించేది. "అశోకుడు యుద్ధం గెలిచినాడు. గెలిచినాంక సచ్చినోళ్ళను చూసినాడు. చూసి, ఇంక నాకొద్దు పో అనేసినాడు." నేను నల్లబల్ల నిండా రాసినదాని సారం అంతే. ఆ రోజు నుంచి మా క్లాసు అలాగే నడిచింది.

ఈ వృత్తిలోకి వచ్చే సిగ్గరి అమ్మాయిలకు ఒక్కటే చెప్తాను. గొంతు లేని టీచరుకు క్లాసులోనే గొంతు దొరుకుతుంది. దొరికినప్పుడు అహం అడ్డుపెట్టుకోకూడదు.

సుగుణ తండ్రి దావీదు పేర్ణాంబట్టులో తోళ్ళ కార్ఖానాలో పనిచేసేవాడు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి, సోమవారం పొద్దున్నే మళ్ళీ పోయేవాడు. తల్లి మరియమ్మ ఇంట్లోనే బీడీలు చుట్టేది. తాత చదివిన ప్రార్థన పుస్తకం తెలుగులో ఉంది కాబట్టి ఆ ఇంట్లో పిల్లను తెలుగు సెక్షన్లో వేశారు. ఎనిమిదో తరగతి పాసైతే ఉపకారవేతనంతో వేలూరు ట్రైనింగ్ స్కూల్లో చేరవచ్చని ఒకరోజు క్లాసులో సుగుణకు నేనే చెప్పాను.

"ఎనిమిది అయ్యేదాకా నన్ను బీడీ ఆకు దగ్గర కూర్చోబెట్టనని మా నాయన మాట ఇచ్చినాడు టీచర్," అంది. "టీచరైతే కుర్చీ ఇస్తారు కదా?"

"ఇస్తారు. కూర్చోనివ్వరు," అన్నాను. పాఠం చెబుతూ నేను వేసిన జోకుల్లో పిల్లలు నవ్వింది దానికొక్కదానికే.

మా బడిలో ఎనిమిదో తరగతి అరవ సెక్షన్‌కు మాత్రమే ఉండేది. వచ్చే జూన్‌లో తెలుగుకూ పెడతామని పైవాళ్ళు అన్నారు, సెక్షన్‌లో పిల్లలు నిండుగా ఉంటే. సుగుణ చదువు ఆ మాట మీద ఆగి ఉంది.

మగపిల్లలకు అరవం, ఆడపిల్లలకు తెలుగు

గుడియాత్తం బజారులో అంగళ్ళున్న మన తెలుగు కుటుంబాల్లో ఒక ఆచారం ఉండేది. మగపిల్లలను అరవంలో చదివించేవారు. అంగడి లెక్కలు, కొనేవాళ్ళ మాటలు అన్నీ అరవంలోనే కదా. ఆడపిల్లలను మాత్రం తెలుగులో చేర్చేవారు. వాళ్ళను చిత్తూరుకో పలమనేరుకో ఇస్తారు. అక్కడినుంచి పుట్టింటికి ఉత్తరం రాయాలి. మా సెక్షన్ నిలబడింది భాషాభిమానం మీద కాదు, పెండ్లి సంబంధాల మీద. సభల్లో ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళకు ఈ సంగతి చెప్పినా నమ్మరు.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన ఏడాది ఇదంతా తలకిందులైంది. చిత్తూరు అటు పోయింది, మేము ఇటు మిగిలాం. మొదట దెబ్బ తగిలింది నా శుక్రవారాలకే. సోషల్ పుస్తకంలో మొదటి పాఠం పేరు 'మన రాష్ట్రం'. పాత పుస్తకంలో మన రాష్ట్రం మదరాసు, దాని కొస శ్రీకాకుళం. ఆంధ్రలో అచ్చయ్యే తెలుగు పుస్తకంలో మన రాష్ట్రం ఆంధ్ర. ఆ రెండింటిలో ఏదీ మాది కాదు. అరవ పుస్తకం సరిగ్గా ఉంటుంది గాని మా పిల్లలు దాన్ని చదవలేరు.

పెద్ద టీచరమ్మను అడిగాను. మా ప్రధానోపాధ్యాయురాలు జ్ఞానమ్మ గారిని ఊరంతా అలాగే పిలిచేవారు.

"కొత్త పుస్తకం వస్తుంది, అప్పుడు చెప్దువుగాని. ఇప్పుడు అశోకుణ్ణే లాగించు," అన్నారు.

వారం వారం వాయిదా వేశాను. బుద్ధుడు అయ్యాడు, అక్బరు అయ్యాడు, పంచాయతీలు అయ్యాయి. చివరి పరీక్షలు దగ్గరికొచ్చేసరికి మిగిలింది ఆ ఒక్క పాఠమే. ఎండాకాలం శుక్రవారాల్లో, పిల్లలు అట్టలతో విసురుకుంటుంటే, ఏ రాష్ట్రం గురించి చెప్పాలో తెలియక నిలబడ్డాను. ఏ టీచరైనా ఏడాది చివరికి కష్టమైన పాఠాన్నే మిగుల్చుకుంటుంది. మాకు మిగిలింది మేము ఎక్కడున్నామన్న పాఠం.

అరువు పిల్లలు

జ్ఞానమ్మ గారు అరవ క్రైస్తవురాలు. తెలుగు బాగా మాట్లాడేవారు. నేను చూసిన పెద్దల్లో పనిమంతురాలు. పిల్లలకు జ్వరమొస్తే ఇంటికి వెళ్ళి చూసేవారు. మంచిపనికి చిన్న అబద్ధం ఆడితే తప్పులేదని ఆమె నమ్మకం. ఇలాంటి పైఅధికారులు మీకూ దొరుకుతారు. వాళ్ళంటే గౌరవం కలుగుతుంది, వాళ్ళను కాదనడం కష్టం. అందుకే వాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

ఇన్‌స్పెక్షనుకు తేదీ వచ్చింది. సెక్షన్ ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఆ రోజు చూసి రాస్తారు. మా బెంచీలు సగం ఖాళీ. జ్ఞానమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని బజారుకు బయలుదేరారు. బట్టల అంగడి రంగయ్యశెట్టి పెద్దకూతురు మా సెక్షన్లోనే చదివింది. చిన్నకూతురు పంకజాన్ని ఆ ఏడాది అరవంలో వేశాడు.

"జ్ఞానమ్మ టీచర్ వచ్చినారంటే చీరకు కాదు, పిల్లకు," అన్నాడు శెట్టి మమ్మల్ని చూడగానే.

"చీర కూడా కొంటాను నాయనా, నువ్వు పిల్లనిస్తే."

"పెద్దదాన్ని ఇచ్చినా కదమ్మా మీ తెలుక్కు. చదివింది, పలమనేరుకిచ్చి పెండ్లి చేసినా. ఇప్పుడు పలమనేరు వేరే రాష్ట్రమంటాండారు. రేపు ఏమంటారో ఎవురికి తెలుసు? చిన్నదానికి ఈ పక్కనే ఆరణిలోనో యాడనో చూస్తా. ఆడ దానికి తెలుగక్షరం ఏమిటికి?"

"ఇంట్లో మాట తెలుగే కదప్పా."

"మాట యాడికి పోతాదమ్మా? నోట్లోనే ఉండాది. అక్షరానికే కదా ఇస్కూలు."

జ్ఞానమ్మ గారు గొంతు తగ్గించి, "శరి. ఒక్క రోజుకు పంపించు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు. మీ వీధిలో వాళ్ళను కూడా పంపించు," అన్నారు.

శెట్టి నవ్వాడు. "పెండ్లికి గంగాళాలు ఎరువిచ్చినట్టా?"

"అట్లనే అనుకో."

"సొట్ట పడకుండా తిరిగి పంపించండి మరి."

దారిలో నేను, "చదవమంటే ఎలాగండీ?" అని మాత్రం అన్నాను.

"మూడేళ్ళుగా ఆయన ఎవర్నీ చదవమనలేదు. ప్రశ్నలడుగుతాడు, పోతాడు. నీ పాఠం నువ్వు చూసుకో," అన్నారు.

అరవ సెక్షన్ నుంచి అరువొచ్చిన పిల్లలందరికీ ఇంట్లో తెలుగే. వాళ్ళకు పాఠం నోటికి నేర్పే పని సుగుణ తీసుకుంది. 'మన రాష్ట్రం' పాఠాన్నే నేర్పమని జ్ఞానమ్మ గారి ఆజ్ఞ, పాత పుస్తకం ప్రకారం. సాయంత్రాలు తడిక పక్కన కూర్చోబెట్టి చెప్పించింది. పంకజం చురుకైనది, ఒకసారి వింటే చాలు.

"నీకిట్ల వచ్చేస్తే నేనేమిటికి ఏడేండ్లు చదివినా?" అని సుగుణ దాన్ని గిల్లింది.

"నువ్వు మొద్దు, అందుకని," అంది పంకజం. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇన్‌స్పెక్షను

శుక్రవారమే వచ్చారు, చివరి పీరియడ్‌కే. ఉదయమే జ్ఞానమ్మ గారు బెంచీలు సర్దించారు. కొత్త పావడాలు కట్టుకొచ్చిన బజారు పిల్లలను ముందు, మా పిల్లలను వాళ్ళ వెనక కూర్చోబెట్టారు. సుగుణ పొడుగు, పైట చిరిగి ఉంది. ఆమెను వెనక మూలకు పంపారు. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ ఏర్పాటులో నాకు తప్పుగా తోచింది అరువు పిల్లలను తేవడం కాదు. ఆ గది నిజంగా ఎవరిదో, ఆ పిల్లకే గదిలో చివరి చోటు దొరికింది. మీ బడిలో ఎప్పుడైనా ఇలాంటి ఏర్పాటు జరుగుతుంటే, ముందుగా వెనక బెంచీ వైపు చూడండి. ఎవరి పేరుతో జరుగుతోందో వాళ్ళు అక్కడే ఉంటారు.

ఇన్‌స్పెక్టరు గారు తెలుగాయనే, కృష్ణా జిల్లా మాట. మర్యాదస్తుడు. పాఠం కొనసాగించమని నాకు చెప్పి కుర్చీలో కూర్చున్నారు. నా గొంతు ఆయనదాకా పోయిందో లేదో తెలియదు. కాసేపటికి ఆయనే ప్రశ్నలు మొదలుపెట్టారు.

"మీ ఊరి దగ్గర పారే ఏరు పేరేమిటమ్మా?"

పంకజం లేచింది. "పాలారు సార్. గౌండిన్యానది కూడా ఉండాది. పేరుకే నదులు సార్. వానొస్తే నీళ్ళు, లేకుంటే ఇసుక."

ఆయన నవ్వారు. తెలుగు వినబడక చాలా రోజులైందేమో, ఆ పిల్ల చేత ఇంకా మాట్లాడించారు. జిల్లాలు అడిగారు, పంటలు అడిగారు. పంకజం అన్నీ చెప్పింది. గుమ్మం దగ్గర జ్ఞానమ్మ గారి ముఖం విప్పారింది. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కాని ఆయనకు ముచ్చటేసింది. బల్ల మీద ఉన్న పుస్తకం తీసి ఆమె చేతికిచ్చారు.

"ఏదీ, ఇంత బాగా చెప్పావు, రెండు ముక్కలు చదివి వినిపించు."

పంకజం పుస్తకం పట్టుకుని తడబడకుండా మొదలుపెట్టింది. మూడు వాక్యాలు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"ఎక్కడుందమ్మా అది? వేలు పెట్టి చూపించు."

పంకజం వేలు పేజీ మీద కాసేపు తిరిగింది. ఆఖరుకు దీపస్తంభం బొమ్మ మీద ఆగింది. ఆ పిల్ల అబద్ధమాడలేదు, ఏడవలేదు. "సార్, నాకు తెలుగు మాట్లాడేది వచ్చు. అక్షరం రాదు. నేను అరవం సెక్షను," అని చెప్పి పుస్తకం ఆయన చేతికిచ్చేసింది. ఆయన పక్క పిల్లను అడిగారు. ఆ పిల్లా తల వంచుకుంది. ముందు బెంచీలన్నీ అంతే.

అప్పుడు వెనకనుంచి సుగుణ వచ్చింది. ఎవరూ పిలవలేదు. "నేను చదువుతా సార్," అని పుస్తకం తీసుకుని పాఠం మొదటినుంచి చదివింది. "మన రాష్ట్రము మదరాసు. దీని ఉత్తరపు కొనను శ్రీకాకుళము జిల్లా కలదు." ఆ గొంతు తడిక అవతలికి కూడా పోయింది, అక్కడ ఎక్కాలు ఆగిపోయాయి. పేజీ తిప్పి రెండో పేజీ కూడా చదివింది. తప్పు లేదు.

ఇన్‌స్పెక్టరు గారు మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక, "బాగా చదివావమ్మా. కాని ఇప్పుడు ఆ రాష్ట్రం లేదు," అన్నారు. నావైపు తిరిగి, "ఈ పుస్తకం మార్చలేదా?" అని అడిగారు.

"కొత్తది రాలేదండీ."

"రాదు కూడా," అన్నారు మెల్లగా.

వరండాలో జ్ఞానమ్మ గారు ఆయనను బతిమాలారు. నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను. "ఆ ఒక్క పిల్లకోసం ఉంచగలిగితే ఉంచేవాణ్ణే అమ్మా. ముందు బెంచీల వాళ్ళు తెలుగు పిల్లలే, తెలుగు సెక్షన్ పిల్లలు కారు. నేనేమని రాయను?" అన్నారాయన. ఆ పిల్లను పంపి చదివించడానికి చిత్తూరులో ఆడపిల్లల హాస్టలు ఉందిగాని అది ఆ రాష్ట్రంవాళ్ళకేనట. ఆయన కూడా వచ్చే నెల అటు బదిలీ మీద వెళ్ళిపోతున్నారట. ఆయన చెడ్డవాడని నేను అనను. మంచివాళ్ళు సంతకం పెట్టినా మూతపడేవి మూతపడతాయి.

దావీదు

ఉత్తర్వు వేసవి సెలవులకు ముందే వచ్చింది. సుగుణ తండ్రికి నేనే చెప్పవలసి వచ్చింది. ఆయన సోమవారం బస్సు వదులుకుని బడికి వచ్చాడు. చేతుల్లో తోళ్ళ సున్నం వాసన. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఎనిమిది వరకని బిడ్డకు మాట ఇచ్చినా టీచరమ్మా. ఎనిమిదే లేదంటే నా మాట ఏమైతాది?"

అరవ సెక్షన్లో చేర్చవచ్చని చెప్పాను. అరవ అక్షరాలు రావు కాబట్టి నాలుగో తరగతిలో కూర్చోవాలి.

"నాలుగా? అది నా భుజం దాకా వచ్చిందే." బయటికి, ఊరివైపు చెయ్యి చూపించాడు. "మా తాత ఈ ఊర్లోనే పుట్టినాడు. ఊరు కదల్లా, మేమూ కదల్లా. అయినా మా బిడ్డ మాత్రం మూడు క్లాసులు కిందికి దిగాల. ఇదేం లెక్కమ్మా?"

సుగుణ గుమ్మం దగ్గర ఉంది. "నేను కూర్చుంటా నాయనా. పిల్లోళ్ళ పక్కన కూర్చుంటే ఏమైతాది?" అంది.

జూన్‌లో కూర్చుంది. నేను ఆ వరండాలోనే కుట్టుపని చెబుతూ చూసేదాన్ని. చిన్నపిల్లల బెంచీలో ఆమె మోకాళ్ళు పట్టేవి కావు. వెనకవాళ్ళకు నల్లబల్ల కనబడటం లేదని గోడవారగా నేల మీద కూర్చోమన్నారు. చిన్నపిల్లలు ఆమెను 'అవ్వా' అని పిలిచేవారు. మొదట నవ్వేది. ఆడి నెల, అంటే అరవవాళ్ళ ఆషాఢం, రాకముందే బడికి రావడం మానేసింది.

చివరి పాఠాలు

ఇక్కడినుంచి రాయబోయేది ఉద్యోగంలో భాగం కాదు. ఏ రికార్డులోనూ లేదు. నేను సోషల్ టీచరుగా చేసిన పని ఏదైనా ఉంటే అది ఇదే అనుకుంటాను.

ఒక శుక్రవారం బడి వదిలాక వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తల్లీకూతుళ్ళు ఒడిలో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. కూర్చోమన్నారు. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. సుగుణే అడిగింది.

"ఎనిమిదో క్లాసు సోషల్లో ఏముంటాది టీచర్?"

చెప్పాను. తడిక లేదు, ఎక్కాల అరుపులు లేవు. నా గొంతు ఆ గదికి సరిపోయింది. పక్కింటి ఆడవాళ్ళు కూడా చేటలు తెచ్చుకుని వచ్చి కూర్చున్నారు. "చెప్పండమ్మా, పనికి తోడుగా ఉంటాది," అంది మరియమ్మ. ఆ తరవాత ప్రతి శుక్రవారం వెళ్ళాను. ఎనిమిదో తరగతి పుస్తకం మొదటినుంచి మొదలుపెట్టాం. ఆడవాళ్ళు రాజులను తిట్టేవారు, పన్నులను తిట్టేవారు. సుగుణ ప్రశ్నలు అడిగేది. ఆరు, ఏడు తరగతుల గదిలో ఎన్నడూ అంత మంచి పాఠం చెప్పలేదు.

తరవాత నదుల పాఠం వచ్చింది. మేము ఎవరమూ చూడని నదులు. కృష్ణ పడమటి కొండల్లో పుట్టిందని, తుంగభద్ర వచ్చి కలిసిందని చెప్పి, బెజవాడ దాకా తెచ్చేసరికి పొద్దుపోయింది. సుగుణ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. ఏడాది పొడుగునా నీళ్ళుండే నది ఎలా ఉంటుందో ఊహించుకుంటోంది కాబోలు.

ఆపై వారం నేను వెళ్ళేసరికి మరియమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

"ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దమ్మా. మీరు చెప్తా ఉంటే దాని చెయ్యి ఆగిపోతాండాది. శుక్రవారం వచ్చిందంటే కట్టలు తక్కువైతాండాయి. ఏజెంటు అరుస్తాండాడు. దాని మనసు కూడా యాడికో పోతాండాది, మళ్ళా తెచ్చుకొనేది కష్టంగా ఉండాది దానికి. ఇంక రావద్దమ్మా. మీ మీద కోపం లేదు."

నేను తల ఊపాను. గ్లాసు కింద పెట్టి లేచాను. సుగుణ తల ఎత్తలేదు. ఆకు కత్తిరిస్తూనే ఉంది.

"అమ్మా, ఈ ఒక్క పొద్దు," అంది. తరవాత నాతో, "నది బెజవాడ దగ్గర ఆగిపోయింది టీచర్. సముద్రం దాకా చెప్పేసి పొండి."

మళ్ళీ కూర్చున్నాను. బెజవాడ దాటించి, దివిసీమ దగ్గర పాయలుగా చీల్చి, సముద్రం దాకా చెప్పాను. ఆ పూట ఆమె చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.